ఓబెద్ హాస్కిన్ ఓటు

తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేక ఆరు వారాలు దాటింది. డన్నింగ్ రేవులో గోధుమల బండి మీద నిలబడి లెమ్యుయెల్ హాస్కిన్ చేసిన ఆ ఉపన్యాసాన్ని ఊరు ఇంకా మరిచిపోలేదు. "శాంటియమ్ నది మీద వంతెన కావాలి. వంతెనే ఉంటే పదిహేనేళ్ళ కిందట మా అమ్మ బతికేది. ఆ రాత్రి డాక్టరు ఈ గట్టున, అమ్మ ఆ గట్టున. బల్లకట్టు దాటలేకపోయింది," అన్నాడతను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనకాల నిలబడి విన్న ఒక్క మనిషి మాత్రం టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ బల్లకట్టు అతనిది. మాట్లాడినవాడూ అతని కొడుకే.

ఈ ఆరు వారాలూ ఇద్దరి మధ్యా నలిగిపోయింది తిర్సా. అమ్మ పోయినప్పుడు తమ్ముడు లెమ్ చిన్నపిల్లాడు, తనూ పెద్దదేం కాదు. అయినా వాడికి అన్నం పెట్టింది, చదువు చెప్పింది, లాయరు పరీక్షకి కోటు కుట్టింది. వాడు శాసనసభకి వెళ్ళాలి, నాన్న ఊళ్ళో తలెత్తుకుని తిరగాలి. ఆమెకి రెండూ కావాలి. రెండూ ఒకేసారి జరిగే దారి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

ఆ సోమవారం ఎన్నిక రానే వచ్చింది.

కోర్టు భవనం వరండాలో బల్ల వేశారు. బల్ల వెనక నడిమి కుర్చీలో ఎన్నికల పెద్దగా డాక్టర్ స్టోవెల్ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఊరందరికీ పురుడు పోసినవాడు. ఆయన మీద ఊళ్ళో ఒక్కటే వేళాకోళం ఉండేది. తూర్పు గట్టు రోగులు ఎంతటివాళ్ళయినా ఆయన దగ్గరికే రావాలి తప్ప, ఆయన బల్లకట్టెక్కగా చూసినవాళ్ళు లేరు. డాక్టరుగారికి నీళ్ళు పడవని నవ్వుకునేవారు.

బల్లకి ఒక పక్క బెంచీ మీద లెమ్, ఇంకో పక్క బెంచీ మీద కర్నల్ పెల్. ఓటరు మెట్లెక్కి వచ్చి, బల్ల ముందు నిలబడి, తన ఓటు ఎవరికో ఊరంతా వినేటట్టు చెప్పాలి. చెప్పగానే ఆ పేరుగల మనిషి లేచి, టోపీ తీసి, వంగి నమస్కారం ఒకటి పెట్టి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఓటేసినవాడు స్నేహితుడో శత్రువో ఆ క్షణానే తేలిపోయేది. దాపరికం లేదు, మొహమాటానికి చోటూ లేదు.

పెల్ పిండిమరకీ, ఊళ్ళో సరుకుల కొట్టుకీ ఆసామి. ఏ యుద్ధంలో కర్నలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కానీ మనిషి మర్యాదస్తుడు. వంతెన కడితే పన్నులు పెరుగుతాయని ఆయన వాదన. ఊళ్ళో సగంపైన ఆయన వైపే ఉన్నారు. తూర్పు గట్టు రైతులు మాత్రం పంట తెచ్చుకోలేక ఏడుస్తున్నవాళ్ళు, వాళ్ళంతా లెమ్ వైపు.

పొద్దున తలుపులు తెరవగానే ఆనవాయితీ ప్రకారం లెమ్ లేచి తన ఓటు కర్నల్ పెల్‌కి వేశాడు. కర్నల్ లేచి తన ఓటు లెమ్‌కి వేశాడు. ఇద్దరూ టోపీలు తీసి వంగారు. మెట్ల కింద మిఠాయి రొట్టెల బుట్ట పెట్టుకుని కూర్చున్న తిర్సాకి ఒళ్ళు మండింది. లెమ్ మంచినీళ్ళకి కిందికి దిగగానే పట్టుకుంది.

"నీ ఓటు నీకేసుకోవడానికి ఏం రోగంరా?"

"అందరూ చూస్తుండగా నా పేరు నేనే అరుచుకోనా అక్కా? బావుండదు."

"బావుండకపోతే ఏం? మర్యాద గెలిపిస్తుందా నిన్ను?"

"గెలిపించదు. ఓడిపోయినా రేపు పొద్దున ఆయన కొట్లో ఉప్పు కొనుక్కోవచ్చు," అని నవ్వి, బుట్టలోంచి ఒక రొట్టె తీసుకుని పోయాడు. వాడిమీద కోపం నిలవదు, అదే వచ్చిన చిక్కు.

ఎండ ఎక్కేకొద్దీ జనం పెరిగారు. కర్నల్ మనుషులు తెరిచిన సారా పీపా దగ్గర గోల మొదలైంది. పొడుగాటి సైలస్ వరండా ఎక్కుతుంటే కింది నించి ఎవడో అరిచాడు.

"గట్టిగా చెప్పరోయ్ సైలస్! కర్నల్‌గారి సారా తాగేటప్పుడు గొంతు బాగానే లేచిందిగా!"

"సారా పొట్టలోకి పోయింది, ఓటు నోట్లోనే ఉంది," అన్నాడు సైలస్. "లెమ్ హాస్కిన్‌కి!"

జనం పగలబడి నవ్వారు. కర్నల్ కూడా నవ్వాడు.

నది ఆ రోజు మంచి పొంగు మీద ఉంది. కొండల మీద మంచు కరిగే కాలం. తూర్పు గట్టు రైతులు ఇవతలికి రావాలంటే ఒక్కటే దారి, ఓబెద్ హాస్కిన్ బల్లకట్టు. రెండు గట్లకీ మధ్య కట్టిన మోకు పట్టుకుని లాగుతూ, పొద్దుటినించి అతను మనుషుల్ని చేరేస్తూనే ఉన్నాడు. చేరేసిన ప్రతివాడూ నేరుగా కోర్టుకి పోయి, ఆ బల్లకట్టుకి ఎసరు పెట్టే వంతెనకి ఓటేసి వస్తున్నాడు.

మధ్యాహ్నం తిర్సా రేవుకి నాన్నకి తిండి పట్టుకెళ్ళింది. అప్పటికే అక్కడ పిండిమర మేస్త్రీ గిబ్స్ నిలబడి ఉన్నాడు. కర్నల్‌కి తెలియకుండా కర్నల్ పనులు చక్కబెట్టే రకం.

"ఓబెద్, ఈ ఉధృతంలో మోకు తెగిందంటే ఎవరైనా నమ్ముతారు," అంటున్నాడు గిబ్స్.

"తెగదు. నేను పేనిన మోకు."

"తెగిందనుకోమంటున్నానయ్యా. నీ పొట్ట కొట్టే ఓట్లు నువ్వే మోసుకొస్తున్నావే, మతి పోయిందా?"

ఓబెద్ రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలాడు. "రేవులో గంట కొట్టినవాణ్ణి దాటిస్తాను. ఎందుకు పోతున్నావని అడగను. ఈ ముప్పయ్యేళ్ళ పనిలో ఎవర్నీ అడగలేదు, నిన్ను కూడా. నువ్వెక్కుతావా, పక్కకి జరుగుతావా?"

గిబ్స్ పక్కకి జరిగాడు. తిర్సాకి నాన్నని కావలించుకోవాలనిపించింది. ఓబెద్‌ని కావలించుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు కాబట్టి, నీళ్ళ కూజా అందించి ఊరుకుంది.

పొద్దు వాలేవేళకి తూర్పు గట్టు ఆఖరి విడత దిగింది. బురద కాళ్ళతో వాళ్ళంతా మెట్లెక్కి వరసగా లెమ్ పేరు చెప్పారు. లేస్తూ కూర్చుంటూ లెమ్ మోకాళ్ళు పీకాయి. అంతా అయ్యేసరికి అతను ఒకే ఒక్క ఓటు ముందున్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇక మిగిలింది ఇద్దరే. ఎన్నికల పెద్ద ఎప్పుడూ ఆఖర్నే ఓటేస్తాడు, అంటే డాక్టరు ఒకడు. రెండోవాడు అప్పుడే మెట్ల దగ్గరికి నడిచి వస్తున్నాడు.

ఓబెద్ బూట్ల బురద మెట్టుకి రాచి, టోపీ చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కాడు. సారా పీపా దగ్గర కూడా చప్పుడాగిపోయింది. లెమ్ మొహం తెల్లగా పాలిపోయింది. అతను తండ్రినే చూస్తున్నాడు, తండ్రి బల్లనే చూస్తున్నాడు. తిర్సా బుట్ట వదిలి లేచి నిలబడింది. ఓటు సంగతి తర్వాత, ఒక్కసారి నాన్న నోటినించి తమ్ముడి పేరు వస్తే చాలనుకుంది.

"ఓబెద్ హాస్కిన్," అన్నాడు డాక్టర్ స్టోవెల్. ఎందుకో ఆయన గొంతు వణికింది. పొద్దుటినించి అరిచి అలిసిపోయాడనుకున్నారు. "శాసనసభకి నీ ఓటు ఎవరికి?"

ఓబెద్ తలెత్తి డాక్టరు కళ్ళలోకి చూశాడు. ఆ చూపుకి డాక్టరు తల దించుకున్నాడు.

"కర్నల్ పెల్‌కి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కర్నల్ లేచాడు, టోపీ తీశాడు, కృతజ్ఞతలు చెప్పబోయి ఆ తండ్రి మొహం చూసి మాట మింగేసి ఉత్తినే వంగాడు. అప్పుడు జరిగింది ఆ ఊళ్ళో ఎవరూ ఎరగని సంగతి. పేరు రానివాడు లేవాల్సిన పనిలేదు. లెమ్ లేచాడు. టోపీ తీసి, కర్నల్ కన్నా కిందికి వంగి తండ్రికి నమస్కారం చేశాడు. తిర్సా తన శాలువా అంచు నోట్లో కుక్కుకుని ఏడుపాపుకుంది.

సరిగ్గా అప్పుడే అవతలి గట్టున గంట మోగింది. ఎవడో ఉన్ని బండివాడు, పొద్దుపోకముందే ఊరు చేరాలని తొందరపడుతున్నవాడు. ఓబెద్ టోపీ పెట్టుకున్నాడు. ఒక మెట్టు దిగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నువ్వూ రా. నీకు చెప్పాల్సిందొకటుంది."

ఆరు వారాల తర్వాత తొలి మాట. లెమ్ అటూ ఇటూ చూశాడు. "డాక్టరుగారి ఓటొక్కటే ఉంది నాన్నా. ఇంకా ఓటర్లున్నారా అని షెరీఫ్ మూడుసార్లు పిలిస్తే అయిపోతుంది."

"పగటి ఎండకి కరిగిన మంచు సాయంత్రానికి నదిలో దిగుతుంది. నీళ్ళు పెరుగుతున్నాయి. గంట మోగాక నేను ఆగను."

అభ్యర్థి బెంచీ వదిలిపోవడమంటే చిన్న విషయం కాదు. ఓటేసినవాడికి టోపీ తియ్యకుండా పోయినవాణ్ణి పదేళ్ళయినా తిట్టుకుంటారు ఆ ప్రాంతంలో. డాక్టరు కర్నల్‌తో రోజూ చదరంగం ఆడే మనిషని అందరికీ తెలుసు. ఆ ఒక్క ఓటుతో ఓడిపోయేట్టయితే, ముందే పారిపోయాడన్న అప్రతిష్ఠ కూడా నెత్తినపడుతుంది.

"వెళ్ళకు బాబూ," అన్నాడు కర్నల్ మెల్లిగా. నిజానికి మంచి కోరే అన్నాడు. "మర్యాద కాదు."

లెమ్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "కర్నల్‌గారూ, డాక్టరుగారు ఎవరి పేరు చెప్పినా టోపీ మీరే తియ్యండి. నా పేరొస్తే నా తరఫున తీసినట్టు."

"మాటిస్తున్నాను," అన్నాడు కర్నల్.

తర్వాతి కాలంలో ఇదే లెమ్యుయెల్ హాస్కిన్ దేశాధ్యక్షుడయ్యాక, పత్రికలవాళ్ళు ఆయన తొలి ఎన్నిక గురించి ఏవేవో రాశారు. ఆయన మాత్రం ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు. ఆ రోజు తను చేసిన తెలివైన పని బెంచీ మీంచి లేవడమొక్కటేనని. తిర్సాకి మాత్రం ఆ సాయంత్రం అందులో తెలివి ఏ కోశానా కనపడలేదు. బుట్ట అక్కడే పారేసి, తిట్టుకుంటూ వాళ్ళ వెనకాల పరుగెత్తింది.

ఖాళీ బల్లకట్టు రేవు వదిలింది. ముందు ఓబెద్, వెనక లెమ్, ఇద్దరూ మోకు పట్టి లాగుతున్నారు. చిన్నప్పటినించీ ఈ నది మీదే పెరిగినవాడు, లాయరయ్యాడని లెమ్ చేతులు ఆ పని మరిచిపోలేదు. తండ్రి లాగిన లాగుడుకి కొడుకు లాగుడు సరిగ్గా కలిసింది. మధ్యలో కమ్మీ పట్టుకుని తిర్సా నిలబడింది. నీళ్ళు గోధుమరంగులో సుడులు తిరుగుతున్నాయి.

"నీ ఉపన్యాసంలో తప్పుంది," అన్నాడు ఓబెద్.

"వంతెన సంగతా?"

"వంతెన రావాల్సిందే. ఈ మోకు లాగి లాగి నా భుజాలు పోయాయి, నాకు తెలీదా? తప్పు అది కాదు." మోకు ఇంకో రెండుసార్లు లాగాడు. "బల్లకట్టు దాటలేకపోయిందన్నావు. దాటింది."

లెమ్ చేతులు ఆగిపోయాయి.

"లాగు. ఆపితే వెనక్కి కొట్టుకుపోతాం. ఆ రాత్రి నేను దాటాను. దుంగలు కొట్టుకొస్తుంటే వాటి మధ్యనే దాటాను. స్టోవెల్ తలుపు కొట్టాను. పాపం, సంచీ తీసుకుని వెంటనే బయల్దేరాడు. రేవుదాకా వచ్చాడు. నీళ్ళు చూశాడు. కాలు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత అక్కడే బురదలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

"కానీ నాన్నా, నువ్వే కదా," అంది తిర్సా. "తడిసి ముద్దయి వచ్చి, నా వల్ల కాలేదన్నావు. నేనింకా మర్చిపోలేదు."

"అవును, అన్నాను. ఎవరికీ చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఈ లోయ మొత్తానికి డాక్టరు ఆయనొక్కడే తల్లీ. పిరికివాడని పేరు పడితే మర్నాటినించి ఎవరు పిలుస్తారు? పిలవకపోతే ఎన్ని ఇళ్ళల్లో చావులు? మీ అమ్మ ఎలాగూ పోయింది."

లెమ్ తలొంచుకుని మోకు లాగాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?" అని లెమ్ మెల్లిగా అడిగాడు.

"ఓబెద్ వల్ల కాలేదని ఊరు అనుకుంది. అనుకోనీ అని మోశాను. కొడుకు అనుకుంటే మాత్రం మొయ్యలేకపోయానురా." అన్నాడు ఓబెద్. "ఆ మాట అందరిముందూ అన్నవాడికి ఓటేస్తే, అవునని నేనే ఒప్పుకున్నట్టు. అందుకే వెయ్యలేదు. నువ్వు పనికిరానివాడివని కాదు."

లెమ్ కళ్ళనించి నీళ్ళు కారుతున్నాయి. మోకు వదలడానికి లేదు కాబట్టి తుడుచుకోలేదు. "లాయర్నని కోటేసుకుని తిరుగుతున్నాను నాన్నా. ఉన్న ఒక్క సాక్షినీ అడక్కుండా తీర్పు చెప్పేశాను. ఇంటికొచ్చి ఒక్కమాట నిన్ను అడిగి ఉండాల్సింది."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదులే."

"అయినా అడగాల్సింది." అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "అందరిముందూ అన్నాను, అందరిముందే వెనక్కి తీసుకుంటాను. డాక్టరుగారి పేరు రాదు. ఆ రాత్రి మా నాన్న బల్లకట్టు దాటిందని చెప్తాను, అంతే."

"ఎలా తెలుసని అడుగుతారు."

"మా నాన్న చెప్పాడని చెప్తాను."

ఓబెద్ ఒక చెయ్యి మోకు మీంచి తీసి, వెనక్కి చాపి, తడిచేత్తో కొడుకు మెడ మీద ఒక్కసారి గట్టిగా నొక్కి, మళ్ళీ మోకు పట్టుకున్నాడు. అది చూసిన తిర్సాకి ఓటూ శాసనసభా ఏదీ గుర్తులేదు.

గుర్తుచేసింది ఊరే. సరిగ్గా నది నడిమికి వచ్చేసరికి వెనకనించి ఒక్కసారిగా పెద్ద కేక లేచింది. ముగ్గురూ తిరిగారు. సూర్యుడు కోర్టు భవనం వెనక పడమటి కొండల మీద ఉన్నాడు, కళ్ళలోకి కొడుతున్నాడు. వరండా మీద మనుషులు నల్లటి నీడల్లా కనిపిస్తున్నారు. డాక్టరు ఓటేసేశాడు. బెంచీ మీంచి ఒక నీడ లేచింది. లావుపాటి కర్నల్‌ని పోల్చుకోవడం కష్టం కాదు. ఆయన టోపీ తీసి వంగాడు.

"తీశాడు!" అంది తిర్సా. ఆ వెంటనే దిగాలుపడింది. "కానీ ఎవరి కోసం?"

లెమ్ ఆ పరిస్థితిలోనూ నవ్వాడు. "ఎవరి కోసమైనా తీస్తానని మాటిచ్చాడుగా అక్కా."

జనంలోంచి ఒక నీడ విడిపోయి రేవు వైపు నడవడం మొదట ఓబెద్ చూశాడు. వంగిన నడుము, చేతిలో కర్ర. వెనకనించి ఎవరో పిలుస్తున్నట్టున్నారు, ఆ మనిషి ఆగలేదు. రేవు మెట్లు దిగాడు. నీళ్ళ అంచుదాకా వచ్చాడు. పదిహేనేళ్ళుగా నీళ్ళు పడని మనిషి, బూట్లు తడిసేదాకా వచ్చి నిలబడ్డాడు. కర్ర కింద పడేసి, గంట తాడు రెండు చేతులా పట్టుకున్నాడు.

గంట నది మీదుగా మోగింది.

బల్లకట్టు మీద పనిచేసినన్నాళ్ళలో మొదటిసారి ఓబెద్ హాస్కిన్ చేతులు గంట విని ఆగాయి. బల్లకట్టు మోకు పట్టుకుని ఊగింది, పక్క పలకల మీంచి నీళ్ళు పైకి చిమ్మాయి.

"వెనక్కి తిప్పుదామా నాన్నా?" అన్నాడు లెమ్.

"వద్దు. ముందు మోగిన గంట ముందు." ఓబెద్ మళ్ళీ మోకు అందుకున్నాడు. "ఆ బండివాణ్ణి ఎక్కించుకుని వద్దాం. వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉంటే, ఎక్కించుకుంటాను."

"ఉంటాడంటావా?"

ఓబెద్ లాగుతూ లాగుతూ ప్రతి లాగుడుకీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. నీళ్ళు ఇంకో జానెడు పెరిగాయి. వెనక ఊరి రేవులో ముసలాయన నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు, గంట తాడు చేతిలోంచి వదల్లేదు.